ఆడకముందే గెలిచే అలవాటు

2036 ఒలింపిక్స్ అహ్మదాబాద్‌లో జరగాలని నాకూ ఉంది. ఈ మాట ముందుగానే చెప్పుకోవలసి వస్తోంది. ఒలింపిక్స్ మీద ఒక్క ప్రశ్న వేసినా చాలు, దేశం బాగుపడటం చూడలేనివాడనే ముద్ర పడిపోయే రోజులివి. మా బావమరిది అయితే నేను ఫోను ఎత్తగానే “ఈసారి దేనిమీద ఏడుస్తున్నారు బావగారూ?” అనే మొదలుపెడతాడు. అతనికి ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

విదేశాంగ వ్యవహారాలు, క్రీడలు, టీవీ వార్తలు. వీటి గురించి మనం ఎప్పుడూ విడివిడిగానే మాట్లాడుకుంటాం. దౌత్యవేత్త చేసే పనికీ టీవీలో అరుపులకూ సంబంధం లేదనీ, ఆ అరుపులకూ ఒలింపిక్స్‌కూ అసలే సంబంధం లేదనీ అనుకుంటాం. గత కొన్నేళ్ళ సంఘటనలను వరసగా పెట్టి చూస్తే నాకు అలా కనిపించడం లేదు. స్టూడియోల్లో రాత్రి తొమ్మిదింటికి చేసిన అప్పును మర్నాటి నుంచి దౌత్యవేత్తలూ క్రీడాకారులూ తీరుస్తూ వస్తున్నారు.

2019 నుంచి మొదలుపెడతాను. ఫిబ్రవరి 14న పుల్వామా దాడి జరిగింది. ఆ మరుసటి వారమే ఢిల్లీలో షూటింగ్ ప్రపంచ కప్ పోటీలు. ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ విభాగంలో ఇద్దరు పాకిస్థాన్ షూటర్లు పాల్గొనవలసి ఉంది. వారికి వీసాలు దక్కలేదు. నలభైమంది జవాన్లను పోగొట్టుకున్న వారంలో దేశం మనసు ఎలా ఉంటుందో ఎవరికైనా అర్థమవుతుంది. కాని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిబంధనలకు మనసుతో పనిలేదు. ఆ విభాగంలో దక్కవలసిన ఒలింపిక్ స్థానాలను అది రద్దు చేసింది. అంతటితో ఆగకుండా, ఇకముందు ఒలింపిక్స్‌తో సంబంధం ఉన్న ఏ పోటీ గురించీ భారత్‌తో చర్చించేది లేదని ప్రకటించింది. ఏ దేశపు క్రీడాకారులనైనా వివక్ష లేకుండా రానిస్తామని మన ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇచ్చాకే, జూన్‌లో ఆ ఆంక్ష తొలగింది.

వీసాలు ఇవ్వలేదన్న వార్త మీద అప్పట్లో నేను చూసిన చర్చలకు లెక్కలేదు. ఆ హామీ పత్రం మీద ఒక్క చర్చ చూసిన గుర్తు కూడా లేదు. మనం ఒలింపిక్స్ కోసం అడుగుతున్నామంటే అర్థం, ఆ పత్రంలోని మాటకు కట్టుబడి ఉన్నామనే. ప్రధాని 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో 2036 ఆశను బయటపెట్టినప్పుడు, అక్కడ కూర్చున్న ప్రతినిధులకు ఆ సంగతి తెలుసు. మన ప్రేక్షకులకే తెలియదు.

ఇక 2025 మే నెల. ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఆ ఉదయం విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ, కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ కలిసి విలేఖరుల ముందుకు వచ్చారు. ఎవరూ గొంతు పెంచలేదు. ఏయే స్థావరాలను కొట్టామో, వాటినే ఎందుకు ఎంచుకున్నామో, సైనిక స్థావరాల జోలికి ఎందుకు వెళ్ళలేదో చెప్పి ముగించారు. ప్రపంచానికి చెప్పుకోవడానికి మన దగ్గర బలమైన వాదన ఉందని ఆ కాసేపట్లోనే అర్థమైంది.

మర్నాడు రాత్రికి ఆ వాదన మన చేతుల్లోంచి జారిపోయింది. కరాచీ ఓడరేవును మన నౌకాదళం ధ్వంసం చేసిందని ఒక ఛానెల్, ఇస్లామాబాద్ చేజిక్కిందని మరొకటి, పాకిస్థాన్ సైన్యాధిపతి అరెస్టయ్యాడని ఇంకొకటి చెప్పాయి. అరెస్టు వార్త పాతబడేలోపు సైనిక తిరుగుబాటు వార్త మొదలైంది. ఏదీ నిజం కాదు. నేను చూసిన తెలుగు ఛానెళ్ళూ వెనకబడలేదు. హిందీలో ఎవరో కూల్చిన కరాచీని పది నిమిషాల్లో తెలుగులో మళ్ళీ కూల్చారు. తెరమీద మంటలు, వెనక యుద్ధ విమానాల బొమ్మలు, ఆగకుండా సైరన్ మోత. ఆ మోత ఎంతదాకా వెళ్ళిందంటే, నిజంగా దాడి జరిగినప్పుడు సైరన్ మోగితే జనం పట్టించుకోకుండా పోతారనే భయంతో, కార్యక్రమాల్లో ఆ శబ్దం వాడవద్దని కేంద్ర పౌర రక్షణ విభాగమే ఛానెళ్ళను కోరవలసి వచ్చింది. సరిహద్దు జిల్లాల్లో అసలు సైరన్ కింద తలదాచుకుంటున్న జనానికి ఆ స్టూడియోలు చేసిన సేవ అది.

వీటన్నిటిలో నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటుంది. పాకిస్థాన్ ఫిరంగి కాల్పుల్లో పూంచ్‌లో ఒక మతపాఠశాల ఉపాధ్యాయుడు మరణించాడు. మన పౌరుడు. శత్రువు గుండుకు బలైనవాడు. కొన్ని జాతీయ ఛానెళ్ళు అతని ఫోటో చూపిస్తూ, మన సైన్యం మట్టుబెట్టిన ఉగ్రవాది అని చెప్పాయి. పూంచ్ పోలీసులు ఖండించి, చర్యలు తీసుకుంటామని హెచ్చరించాల్సి వచ్చింది. కడుపుకోతలో ఉన్న ఇంటివాళ్ళు, తమ మనిషి ఉగ్రవాది కాదని కూడా నిరూపించుకోవలసిన స్థితి. ఆ తప్పుకు ఛానెల్ చెల్లించే మూల్యం ఏమిటి? దీనికి తరవాత వస్తాను.

మే 10 సాయంత్రం కాల్పుల విరమణ. మనకంటే ముందు అమెరికా అధ్యక్షుడు తన సామాజిక మాధ్యమంలో ప్రకటించాడు. కాసేపటికి మిస్రీ వచ్చి రెండు వాక్యాల్లో ధ్రువీకరించారు. రెండు రోజులుగా పాకిస్థాన్ కూలిపోతోందని వింటూ కూర్చున్న ప్రేక్షకుడికి ఆ రెండు వాక్యాలు ఎలా వినిపించి ఉంటాయి? ఇస్లామాబాద్ చేజిక్కాక విరమణ ఎందుకు? ఎవరో అమ్ముడుపోయి ఉండాలి! తిట్లన్నీ మిస్రీ మీద పడ్డాయి. ఆయన కుటుంబాన్నీ వదలలేదు. ప్రభుత్వ నిర్ణయాన్ని చదివి వినిపించిన పాపానికి ఆయన తన సామాజిక మాధ్యమ ఖాతాకు తాళం వేసుకోవలసి వచ్చింది. లేని విజయాన్ని చూపించిన వ్యాఖ్యాతలు మర్నాడు యథావిధిగా కొత్త కోటు వేసుకుని కూర్చున్నారు. ఒకరిద్దరు క్షమాపణ చెప్పారు, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

ఇలాంటిది మనకు మొదటిసారి కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల హాకీ ఫైనల్లో పాకిస్థాన్ చేతిలో 1-7తో ఓడిపోయాం. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ డబ్బు తీసుకున్నాడని ప్రచారం పుట్టి, ఆ మచ్చ ఏళ్ళ తరబడి ఆయనను వెంటాడింది. ఓటమిని ఓటమిగా చూడలేనివాళ్ళకు ఎప్పుడూ ఒక ద్రోహి కావాలి. అప్పట్లో ఆ ద్రోహిని నోటిమాట తయారుచేసేది. ఇప్పుడు ఆ పనికి గంటకో బులెటిన్ ఉంది.

2025కే తిరిగి వస్తే, కాల్పుల విరమణ తరవాత మన వాదన వినిపించడానికి ఏడు అఖిలపక్ష బృందాలు ముప్పైకి పైగా రాజధానులకు బయలుదేరాయి. శశి థరూర్, కనిమొళి, సుప్రియా సూలే వంటి ప్రతిపక్ష నేతలు కొన్నిటికి నాయకత్వం వహించారు. మన వైపు నుంచి పురందేశ్వరి ఒక బృందంలో, అసదుద్దీన్ ఒవైసీ మరొక బృందంలో వెళ్ళారు. ఇక్కడ ఒకే వేదిక మీద నిలబడని మనుషులు అక్కడ ఒకే మాట చెప్పారు. పాకిస్థాన్ మరణాలకు సంతాపం తెలిపిన కొలంబియా, థరూర్ బృందం వెళ్ళి మాట్లాడాక ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది. నాకు ఇదంతా చాలా నచ్చింది. ఛానెళ్ళు అబద్ధాలు చెప్పకపోయినా ఈ బృందాలు వెళ్ళవలసివచ్చేదే, కాదనను. కాని విదేశీ పత్రికలు అప్పటికే మన టీవీ కూల్చిన కరాచీ మీద ప్రత్యేక కథనాలు రాసి ఉన్నాయి. మీరు చెప్పేది నమ్మడం ఎలా అన్న ప్రశ్నను కూడా ఈ బృందాలు తమ సామానుతో మోసుకెళ్ళాయి.

దౌత్యంలో గెలుపు ఎలా ఉంటుందో చూడాలంటే 1994 నాటి జెనీవా చూడాలి. కాశ్మీర్‌లో మానవ హక్కుల ఉల్లంఘన పేరుతో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో పాకిస్థాన్ తీర్మానం పెట్టింది. అది నెగ్గి ఉంటే మనకు గడ్డుకాలమే. ప్రధాని పి.వి. నరసింహారావు మన బృందానికి ప్రతిపక్ష నాయకుడు వాజపేయిని సారథిగా పంపారు. సల్మాన్ ఖుర్షీద్, ఫరూఖ్ అబ్దుల్లా వెంట ఉన్నారు. మరోవైపు, అనారోగ్యంతో ఉన్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్ పి.వి. ఉత్తరం పట్టుకుని టెహ్రాన్ వెళ్ళారు. చివరికి ఇరాన్, చైనాల మాట మీద పాకిస్థాన్ ఓటింగ్ దాకా రాకుండానే తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

ఇందులో చూపించడానికి ఏముంది? ఓట్ల లెక్క లేదు, చప్పట్లు లేవు, కౌగిలింతల ఫోటో లేదు. జరగవలసిన చెడు జరగకుండా పోయింది, అంతే. మంచి దౌత్యం చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఎదుటివాడికి ముఖం చెల్లే దారి ఒకటి వదలాలి, మనం కూడా ఒక మాట దిగవలసి వస్తే దిగాలి, ఆ దిగడం ఎవరికీ కనిపించకుండా చూసుకోవాలి. ఇప్పటి ఛానెళ్ళు అప్పుడు ఉండి ఉంటే టెహ్రాన్ ప్రయాణం “ఇరాన్ కాళ్ళమీద పడ్డ ప్రధాని” అనే ఎర్ర పట్టీగా మారి ఉండేది. వాజపేయి ద్రోహి అయ్యేవారో, పి.వి. చేతకానివారు అయ్యేవారో, అది ఏ ఛానెల్ చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉండేది.

2023 జీ-20 సమావేశాల్లోనూ అసలు పని ఇలాంటిదే జరిగింది. ఉక్రెయిన్ మీద రష్యా, పాశ్చాత్య దేశాలు ఒకే పత్రానికి ఒప్పుకోవని అందరూ అనుకుంటున్నప్పుడు, మన అధికారులు రాత్రింబవళ్ళు కూర్చుని ఒప్పించారు. ఆఫ్రికన్ యూనియన్‌కు సభ్యత్వం ఇప్పించారు. అది గొప్ప పనే. మనకు చూపించింది మాత్రం భారత్ మండపం దీపాలు, విందు పళ్ళెరాలు, మనకే ఈ అధ్యక్షత ఎందుకు దక్కిందో అన్నట్టు వ్యాఖ్యానాలు. అధ్యక్షత వంతులవారీగా వస్తుంది. మనకంటే ముందు ఇండోనేషియాకు వచ్చింది, మన తరవాత బ్రెజిల్‌కు వెళ్ళింది. ఇంత పెద్ద దేశానికి విదేశాంగ సర్వీసు అధికారులు ఉన్నది సుమారు వెయ్యిమంది. ఆ సంఖ్య చాలదని పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. విశ్వగురువు అనే మాట వినిపించిన ప్రతిసారీ ఆ వెయ్యిమంది గుర్తుకొస్తారు నాకు.

సరే, ఛానెల్ చెల్లించే మూల్యం సంగతి. 2008లో వార్తా ఛానెళ్ళు తమకు తామే ఒక ప్రమాణాల సంస్థను పెట్టుకున్నాయి. మొదటి అధ్యక్షుడు జస్టిస్ జె.ఎస్. వర్మ. గౌరవనీయుడైన న్యాయమూర్తి. ఆ సంస్థ వేయగలిగిన గరిష్ఠ జరిమానా 2023 నాటికి లక్ష రూపాయలు. సభ్యత్వమే తీసుకోని ఛానెల్‌కు ఆ లక్ష కూడా లేదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ లక్ష గురించి ప్రస్తావిస్తూ, జరిమానా ఆ కార్యక్రమం తెచ్చిపెట్టిన లాభానికి తగినట్టు ఉండాలి కదా అని అడిగింది. బ్రిటన్‌లో ప్రసార నియంత్రణ సంస్థ లైసెన్సుదారు ఆదాయంలో 5 శాతం దాకా జరిమానా వేయవచ్చు. మన దగ్గర ప్రైమ్ టైమ్‌లో కొన్ని ప్రకటనలు పడితే లక్ష వచ్చేస్తుంది. అంటే అబద్ధం చెప్పడం నష్టం కాదు, మామూలు వ్యాపార ఖర్చు.

అదే ఏడాది, 2008 నవంబరులో, ముంబై దాడులు. నారిమన్ హౌస్ మీదకు హెలికాప్టర్ నుంచి దిగుతున్న కమాండోలను మన ఛానెళ్ళు ప్రత్యక్ష ప్రసారం చేశాయి. కరాచీలో కూర్చుని ఉగ్రవాదులను నడిపిస్తున్నవాళ్ళు అవే దృశ్యాలు చూస్తూ ఫోనులో సూచనలు ఇచ్చారు. కసబ్ కేసు తీర్పులో 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. భద్రతా చర్యల ప్రత్యక్ష ప్రసారంపై నిబంధన తరవాత వచ్చింది. 2025లో ఛానెళ్ళు ఆ నిబంధనను చాలావరకు పాటించాయనే చెప్పాలి. ఉన్న సైన్యం కదలికలు చూపించలేదు. లేని సైన్యం కదలికలు చూపించడాన్ని ఆపే నిబంధన మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. అబద్ధం మనకు అనుకూలంగా ఉన్నంతసేపూ ఏ ప్రభుత్వానికీ అది నేరంగా కనిపించదు.

కాబట్టి బెత్తం ప్రభుత్వం చేతిలో పెట్టమని నేను అనను. తెలుగువాళ్ళకు దాని సంగతి వేరే చెప్పాలా? 2014లో తెలంగాణలో రెండు ఛానెళ్ళు కేబుల్‌లో రాకుండా పోయాయి. 2024లో ఆంధ్రలో ప్రభుత్వం మారగానే మరికొన్ని కనిపించకుండా పోయాయి. అప్పుడు ఒకరు సంతోషించారు, ఇప్పుడు ఇంకొకరు. ప్రభుత్వానికీ ఛానెళ్ళ యజమానులకూ దూరంగా, చట్టబద్ధంగా, ఆదాయాన్ని బట్టి జరిమానా వేయగల సంస్థ ఒకటి కావాలి. తప్పు ఎంతసేపు చెప్పారో, దిద్దుబాటు కూడా అదే సమయంలో అంతసేపు చెప్పాలి. ఈ ఒక్క నియమం ఉన్నా కరాచీ అంత సులువుగా కూలేది కాదు.

రుచి, మర్యాద వంటి మాటల్లోకి నేను పోవడం లేదు. 2018లో శ్రీదేవి దుబాయ్‌లో చనిపోయినప్పుడు, ఒక తెలుగు ఛానెల్ విలేఖరి స్నానపు తొట్టిలో పడుకుని మరణం ఎలా సంభవించి ఉంటుందో చూపించాడు. అది చూసినవాళ్ళకు రుచి గురించి చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. నా గొడవ అంతకంటే పొడి విషయం: టీవీ చేయవలసిన పని చేయకపోవడం వల్ల మిగతా రెండు రంగాల్లో ఏం జరుగుతోందన్నది.

టీవీకి ఆ పని చేతకాదని కూడా కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు ముందు అద్దె సామాను ధరల నుంచి క్రీడాగ్రామం దుస్థితి దాకా బయటపెట్టిన వాటిలో మన ఛానెళ్ళు ముందున్నాయి. క్రీడలకు రెండు వారాలు కూడా లేనప్పుడు నెహ్రూ స్టేడియం పక్కన నడక వంతెన కూలితే, ఆ దృశ్యం దేశమంతా చూసింది. నిర్వాహక సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ మరుసటి ఏడాది అరెస్టయ్యాడు. ఆ క్రీడల్లో మనవాళ్ళు 101 పతకాలు గెలిచారు కూడా. ప్రశ్నలు వేస్తే పతకాలు తగ్గవు.

ఇప్పుడు ఆ ప్రశ్నలు ఎవరు వేస్తున్నారు? 2024 అక్టోబరు 1న భారత ఒలింపిక్ సంఘం 2036 కోసం ఉద్దేశ లేఖ పంపింది. అదే నెలలో, సంఘంలోని అంతర్గత కలహాల కారణంగా అంతర్జాతీయ కమిటీ దానికి ఇచ్చే నిధులను ఆపేసింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే. ఇదే సంఘం మీద 2012 డిసెంబరులో సస్పెన్షన్ పడితే, 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో శివ కేశవన్ తదితరులు త్రివర్ణ పతాకం లేకుండా నడిచారు. 2023లో కుస్తీ సమాఖ్య ఎన్నికలు సకాలంలో జరపలేదని ప్రపంచ సంస్థ సస్పెండ్ చేస్తే మన మల్లయోధులు తటస్థ క్రీడాకారులుగా బరిలో దిగారు. సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న మల్లయోధులు చెప్పిన మాటలకంటే, వాళ్ళ వెనక ఎవరున్నారన్నదే స్టూడియోలకు ముఖ్యమైంది.

ఇంకా ఇబ్బందికరమైనది మత్తు మందుల... కాదు, సామర్థ్యం పెంచే మందుల సంగతి. 2023లో అయిదు వేలకు పైగా నమూనాలు పరీక్షించిన దేశాల్లో, నిషిద్ధ ఉత్ప్రేరకాలు దొరికిన శాతం మనదే అందరికంటే ఎక్కువ: 3.8. పోటీల రోజున పరీక్ష అధికారులు వచ్చారని తెలిసి పరుగు పందెం మొదలయ్యే చోటి నుంచి కుర్రాళ్ళు మాయమైన సందర్భాలు వార్తల్లోకి ఎక్కాయి. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి ఆ సూది ఎవరు ఇచ్చారు, ఉద్యోగాల్లో క్రీడా కోటాకూ దానికీ సంబంధం ఏమిటి, శిక్షకుడికి ఏ శిక్ష పడుతోంది, ఇవి నెల రోజులు చర్చించదగ్గ విషయాలు. నేను చూసే వార్తల్లో ఇవి చివరి పది నిమిషాల్లో కూడా దొరకవు.

పారిస్‌లో 2024లో మనకు ఆరు పతకాలు, ఒక్క స్వర్ణం లేదు. ఆరు నాలుగో స్థానాలు. అందులో ఒకటి విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి ఆడిన విలువిద్య పోటీ. కంచు పతకానికి ఒక్క మెట్టు కింద. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి ఏం కావాలి? మానసిక శిక్షకుడా, మరిన్ని విదేశీ పోటీలా, గాలివాటానికి తగిన మైదానమా? పతకం రాగానే సన్మానాలు చూపించే ఛానెళ్ళలో ఈ ప్రశ్నకు చోటు లేదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌లో ఒలింపిక్స్‌కు వెళ్ళిన తొలి భారతీయురాలు. ఆమె రాటుదేలింది భువనేశ్వర్‌లో. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్ల పక్క రాష్ట్రం ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో మనం ఆలోచించాలి. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవంజి దీప్తి పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కంచు గెలిచేదాకా ఊళ్ళో ఎన్ని మాటలు పడిందో ఆమె తల్లిదండ్రులే చెప్పారు.

హైదరాబాద్ సంగతి అంతకంటే చేదు. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు ఈ నగరం నిర్వహించింది. గచ్చిబౌలిలో కట్టిన క్రీడాకారుల బహుళ అంతస్తుల భవనం 2020లో కోవిడ్ ఆసుపత్రి అయింది. ఆపదలో అది మంచి పనే, కాదనలేం. కాని అంత పెద్ద భవనం వెంటనే ఆసుపత్రికి ఇచ్చేయగలిగేంత ఖాళీగా ఎందుకు ఉంది? క్రీడలు అయిపోయాక మైదానాలు ఏమవుతాయో తెలుసుకోవడానికి 2004 ఒలింపిక్స్ మైదానాలు పాడుబడిన ఏథెన్స్ దాకా మనం వెళ్ళనక్కరలేదు.

2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం మంచి అడుగే. సమాఖ్యల వివాదాలకు ట్రైబ్యునల్, క్రీడాకారులకు పాలనలో చోటు. అమలు చూడాలి.

ఇక అందరూ అడిగే కరచాలనం విషయం. 2025 సెప్టెంబరు 14న దుబాయ్‌లో ఆసియా కప్ మ్యాచ్ ఆడి, మనవాళ్ళు పాకిస్థాన్ ఆటగాళ్ళకు చేయి ఇవ్వలేదు. 28న ఫైనల్ గెలిచి, ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడు, పాకిస్థాన్ మంత్రి కూడా అయిన మొహ్సిన్ నఖ్వీ చేతుల మీదుగా కప్పు తీసుకోలేదు. ఆయన దాన్ని పట్టుకుపోయాడు. ఈ తతంగం రెండు వారాలు టీవీకి పండగ. నా అభిప్రాయం ఎవరికీ నచ్చదు. 1974లో టెన్నిస్ డేవిస్ కప్ ఫైనల్‌కు చేరిన భారత్, ప్రత్యర్థి వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికా కాబట్టి అసలు ఆడనే లేదు. విజయ్, ఆనంద్ అమృతరాజ్ సోదరుల తరానికి కప్పు గెలిచే అవకాశం చేజారింది. దక్షిణాఫ్రికాకు కప్పు అప్పనంగా వెళ్ళింది. ఈనాటికీ మనం ఆ కప్పు గెలవలేదు. అది నిరసన, ఎందుకంటే దానికి మనం మూల్యం చెల్లించాం. దుబాయ్‌లో మ్యాచ్ ఆడాం, ప్రసార హక్కుల డబ్బు వచ్చింది, చేయి మాత్రం ఇవ్వలేదు. ఆడకూడదంటే ఆడకండి, దాన్ని గౌరవిస్తాను. ఆడితే ఆటలో భాగమైన మర్యాద కూడా పాటించాలి. రెండింటి మధ్య ఉన్నది స్టూడియో కోసం ఆడిన మూడో ఆట.

ఆటగాళ్ళను నేను తప్పుపట్టను. చేయి ఇచ్చి ఉంటే వాళ్ళకు ఏమయ్యేదో నీరజ్ చోప్రాకు ముందే జరిగింది. పారిస్‌లో నీరజ్‌కు రజతం, పాకిస్థాన్‌కు చెందిన అర్షద్ నదీమ్‌కు స్వర్ణం వచ్చినప్పుడు, నదీమ్ కూడా నా కొడుకులాంటివాడే అని నీరజ్ తల్లి అన్నారు. దేశమంతా మెచ్చుకుంది. ఎనిమిది నెలల తరవాత, పహల్గాం దాడికి ముందే నీరజ్ నదీమ్‌కు పంపిన ఒక పోటీ ఆహ్వానాన్ని పట్టుకుని అతని దేశభక్తిని ప్రశ్నించారు. అప్పటి ఆ మాటకే ఆ తల్లిని కూడా తిట్టారు. ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన సైనికుడు తాను దేశద్రోహిని కానని ప్రకటన రాసుకోవలసి వచ్చింది.

2025 నవంబరులో 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారయ్యాయి. పాకిస్థాన్ కామన్వెల్త్ సభ్య దేశం. ముంబై దాడులు జరిగిన రెండేళ్ళకే, 2010లో వాళ్ళ బృందం ఢిల్లీ వచ్చింది. కుస్తీలో స్వర్ణాలు గెలిచింది, వాళ్ళ జాతీయగీతం మన స్టేడియంలో మోగింది. ఆకాశం విరిగి మీద పడలేదు. నదీమ్ 2022 బర్మింగ్‌హామ్‌లో ఈటెను 90.18 మీటర్లు విసిరి గెలిచింది కూడా ఈ క్రీడల్లోనే. 2030లో ఆ దేశపు బృందం తన జెండా పట్టుకుని అహ్మదాబాద్ స్టేడియంలో నడుస్తుంది. నడవనివ్వకపోతే 2036 మాట మరిచిపోవచ్చు. 2019లో సంతకం పెట్టి ఇచ్చిన హామీ అదే. ప్రభుత్వ విధానం కూడా ఇప్పుడు అదే చెబుతోంది: పాకిస్థాన్‌తో ద్వైపాక్షిక పోటీలు ఉండవు, బహుళ దేశాల పోటీలకు అడ్డు చెప్పం. ఆ వీసాలు ముద్రించవలసిన అధికారులు, ఆ బృందానికి కాపలా కాయవలసిన పోలీసులు, పక్క గదుల్లో ఉండబోయే మన క్రీడాకారులు దానికి సిద్ధం కావలసిందే. ఆ సంగతి ప్రేక్షకులకు ఇప్పటినుంచే చెప్పడం మొదలుపెట్టవచ్చు. నేను చూసే ఛానెళ్ళలో ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు.